విక్టోరియమ్మ అడగొద్దన్న ప్రశ్న

పోయిన వారం మీరు నన్ను నాంపల్లిలో, మా సంఘం ప్రార్థన మందిరం గుమ్మంలో వదిలిపెట్టారు. జేబులో సంఘం కోసం చేసిన కొత్త రబ్బరు ముద్ర ఉంది. దాన్ని సంఘ పెద్ద మైకేల్ చేతిలో పెట్టి, ఒక్క మాట లేకుండా మెట్లు దిగిపోదామని వచ్చాను. లోపల చాప మీద మైకేల్ కూతురు ఏంజెలీనా పడి ఉంది. పంతొమ్మిదేళ్ల పిల్ల. రెండు రోజులుగా నీళ్లు ముట్టలేదు. కళ్లు తెరవకుండానే నా వైపు తల తిప్పింది.

"వచ్చినవా, దానం సాబ్?" అంది.

నా పేరు యేసుదానం. దానం సాబ్ అని నన్ను పిలిచిన మనిషి లోకంలో ఒక్కతే. నా భార్య అహల్య. ఇంట్లోనే, తలుపు వేశాకే, వెక్కిరింపుగా పిలిచేది. ఆమె పోయి మూడేళ్లయింది.

నేను గడప దాటలేదు. వెనక్కీ పోలేదు. కింద ట్రంకుపెట్టెల షాపులో రేకు మీద సుత్తి పడుతోంది. స్టేషన్‌లో ఏదో బండి ఆలస్యమని మూడు భాషల్లో చెబుతున్నారు. మధ్యాహ్నం మూడున్నర. కిటికీలోంచి ఎండ చాప అంచు దాకా వచ్చింది. భయపడే వేళ కాదు. 

విక్టోరియమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. డెబ్బై రెండేళ్ల మనిషి. మెదక్ వైపు మిషన్ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మా సంఘంలో దయ్యం పట్టినవాళ్ల కోసం ప్రార్థన ఆమే చేస్తుంది. ఆమె పద్ధతి వేరు. కొట్టడం ఉండదు. జుట్టు పట్టి ఊపడం ఉండదు. మైకు ఉండదు. తలుపులు బార్లా తెరిచి ఉంచాలి, దాచి చేసే పని దేవుడిది కాదంటుంది. ముందు డాక్టరు చూడాలి, ఆయన రాసిన మాత్రలు ఆపకూడదు. ఏంజెలీనాను ఇద్దరు డాక్టర్లు చూశారు. సాయంత్రం ఐదింటిలోపు నీళ్లు తాగకపోతే తీసుకొచ్చి దవాఖానలో చేర్చమన్నారు. కింద మైకేల్ కారు సిద్ధంగా ఉంది.

"నిన్ను ఏమని పిలిచింది?" విక్టోరియమ్మ అడిగింది.

"దానం సాబ్ అని."

"ఎవరు పిలిచెటోళ్లు గట్ల?"

చెప్పాను. ఆమె ముఖం మారలేదు. నా చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే, పిల్లవాడికి పెట్టినట్టు దాన్ని పెట్టింది.

"ఇను, దానం. పోయినోళ్లు తిరిగి రారు. అహల్య ప్రభువు దగ్గర ఉన్నది. గీడ ఉన్నది దొంగది. గొంతు ఎత్తుకొచ్చింది. నువ్వు ఇప్పుడే మెట్లు దిగిపోతె మంచిది."

"పోను."

"ఎందుకు?"

మూడేళ్లుగా నేను ఆ గొంతు వినలేదు. దొంగదైనా సరే, ఇంకోసారి వినాలనిపించింది. ఆ మాట ఆ ముసలమ్మతో ఎలా అంటాను?

"ఉంటె మూడు మాటలు గుర్తు పెట్టుకో," అంది. "దాన్ని నమ్మొద్దు. దానికి జవాబియ్యొద్దు. అన్నిటికన్న ముఖ్యం, దాన్ని ఏదీ అడగొద్దు. అడిగెటోడు కింద ఉంటడు, చెప్పెటోడు మీద ఉంటడు. మనం అడగనీకి రాలే. ఆజ్ఞ ఇయ్యనీకి వచ్చినం. ఆ అధికారం నాది కాదు, నీది కాదు, యేసయ్యది. ఒక్క ప్రశ్న అడిగినవా, మనమే కింద కూసున్నట్టు."

నా జేబు వైపు చూసింది. ముద్ర పిడి బయటికి కనబడుతోంది.

"ముద్రలు నువ్వే చేస్తవు గద. కలెక్టర్ ముద్ర చేసినంత మాత్రాన నువ్వు కలెక్టర్‌వైతవా?"

"కాను."

"మనం గూడ అంతే."

తర్వాత గదిలోకి తిరిగి, ప్రతిసారీ అడిగేదే అడిగింది. "ఎవరి మీదనన్న పగ పెట్టుకున్నోళ్లు ఉంటే బయటికి పోన్రి. సిగ్గు పడే పని లేదు. పగ ఉన్న మనిషి ఈ గదిల ఉంటే, దానికి చెయ్యి అందించినట్టే."

ఈ ప్రశ్నకు మామూలుగా నలుగురైదుగురు లేచిపోతారు. ఒకసారి తోడికోడళ్లిద్దరు కలిసి లేచిపోయి, మెట్ల మీదే కొట్లాడుకున్నారు. ఈ రోజు గదిలో ఉన్నది తక్కువ మంది. కూతురి తల ఒళ్లో పెట్టుకున్న రశ్మి. ఆమె పక్కన మోకాళ్ల మీద మైకేల్. విక్టోరియమ్మ. నేను.

ముసలమ్మ చూపు నా మీద ఆగింది. "ఉన్నదా?"

"లేదు," అన్నాను.

అది మొదటి అబద్ధం.

ఉంది. నా పగ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

మూడేళ్ల కింద మా సంఘానికి పెద్దను ఎన్నుకున్నారు. ఆరాధన అయ్యాక అందరూ నిలబడి చేతులెత్తాలి. నేనూ, అబిడ్స్‌లో కళ్లద్దాల షాపు నడిపే మైకేలూ నిలబడ్డాం. నాకంటే పదేళ్లు చిన్నవాడు, సంఘం వరసలో నన్ను అన్నా అంటాడు. నాకు ఇరవై రెండు చేతులు లేచాయి. అతనికి ఇరవై మూడు. ఆ ఇరవై మూడో చెయ్యికి ఆకుపచ్చ గాజులున్నాయి. ఆ గాజులు నేను కొన్నవే.

ఇంటికి వచ్చి తలుపు వేశాక అహల్య దాచలేదు. "నువ్వు పెద్దవైతే ఎవర్నీ బతకనియ్యవు, దానం సాబ్," అని నవ్వింది. కోఠిలో బట్టల షాపువాళ్ల పిల్ల. నా కోసం ఆ ఇంటిని, ఆ దేవుళ్లను వదిలి వచ్చింది. నేను ఆమె నవ్వును క్షమించలేదు. మాట్లాడటం మానేశాను. పదకొండు రోజులు. పన్నెండో రోజు ఆమె గుండె ఆగింది. ఇంట్లో ఒక్కతే ఉంది.

ఆమె ఫోన్‌లో చివరి కాల్ మైకేల్‌కు వెళ్లింది. నాలుగు నిమిషాలు మాట్లాడింది. మైకేల్ మాత్రం అందరితో, కాల్ చూసుకోలేదని చెప్పాడు. నాలుగు నిమిషాలు మాట్లాడి, కాల్ చూసుకోలేదన్నాడు. అతనికి కారుంది. ఐదు నిమిషాల్లో మా ఇంటికి రాగలడు. అంతా అయిపోయాకే వచ్చాడు. ఆ అబద్ధం మీదే నేను మూడేళ్లు బతికాను. అన్నం కంటే అదే నాకు బలమిచ్చింది.

విక్టోరియమ్మ చాప దగ్గర కూర్చుంది. చెయ్యి పిల్ల నుదుటికి జానెడు పైన ఉంచింది. గొంతు పెంచలేదు. రోగి చార్టు చదివినట్టు చెప్పింది.

"నజరేయుడైన యేసు నామంలో ఆజ్ఞ ఇస్తున్న. ఈ బిడ్డను విడిచిపెట్టు."

ఏంజెలీనా పాదాలు చాప మీద రాసుకున్నాయి. మడమల చప్పుడు నాకు వినబడింది. పెదవులు ఎండి చీలి ఉన్నాయి. ఆ చీలికల్లోంచి అహల్య గొంతు వచ్చింది.

"చాయ్‌పత్తి తెచ్చినవా, దానం సాబ్? రేకు డబ్బాల అయిపోయింది."

మా ఇంట్లో చాయ్‌పత్తి రేకు డబ్బాలోనే ఉంటుంది. ఆ ఉదయం అది అయిపోయింది. 

"ఇనకు," అంది విక్టోరియమ్మ, తల తిప్పకుండా. మళ్లీ ఆజ్ఞ ఇచ్చింది.

"చీకట్ల కూసొని ఆ బుడ్డబుడ్డ అక్షరాలు కోస్తవు. కండ్లు పోతయి. అద్దాలు మార్పియ్యమంటే ఇనవు. మైకేల్ షాపుకు పోను అంటవు."

మైకేల్ తలెత్తి నన్ను చూశాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. రశ్మి కూతురి చెవులు రెండు చేతులతో మూసింది. మాట్లాడేది కూతురే అన్నది ఆ తల్లికి తోచలేదు.

"పదకొండు దినాలు," అంది ఆ గొంతు. ఇప్పుడు మెల్లగా. "వండి పెట్టిన. తిన్నవు. మాట్లాడలే. గోడ గూడ ఇంతకన్న నయం."

పదకొండు రోజుల సంగతి ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు. ఆమె చెప్పుకునే మనిషి కాదు.

ఇది దొంగదని నాకు తెలుసు. ముప్పై ఏళ్లుగా వాక్యం విన్నవాణ్ని. తెలిసి కూడా చేశాను. రెండడుగులు వేశాను. చాప అంచు నా చెప్పు కిందికి వచ్చింది.

"మైకేల్‌కు ఫోన్ చేసి ఏం చెప్పినవు?" అని అడిగాను.

సుత్తి చప్పుడు ఆగిందో, నాకే వినబడలేదో తెలియదు. విక్టోరియమ్మ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

ఏంజెలీనా కళ్లు తెరిచింది. రెండు రోజుల్లో మొదటిసారి. లేచి కూర్చుంది. తల్లి పట్టుకోలేకపోయింది. నవ్వింది. పిల్ల పళ్ల మధ్య నుంచి నా భార్య నవ్వు.

"అడిగినవా? నన్నే అడిగినవా? పదకొండు దినాలు ఒక్క మాట అడగనోడివి, ఇయ్యాల అడిగినవా? చెప్త. ముందుగాల నువ్వు చెప్పు. మైకేల్ కన్న ముందు ఎవరికి చేసిన? ఎన్నిసార్లు చేసిన? ఎవరు కట్ చేసిన్రు?"

"యేసు నామంలో ఆజ్ఞ ఇస్తున్న," విక్టోరియమ్మ లేచి నిలబడింది. "నోరు ముయ్యి. విడిచిపెట్టు."

పిల్ల ఒళ్లు ఒకసారి కొరడా తగిలినట్టు వంగింది. ఆ పేరు వినగానే వంగింది, అది నేను చూశాను. కానీ మళ్లీ నిటారుగా అయింది. వేలెత్తి నన్ను చూపింది.

"నీ మాట ఇంటుంటి, ముసల్దానా. ఆ పేరుకు భయమున్నది నాకు. గని గీయన నీ పక్కన నిలబడి నన్ను అడిగిండు. మీలో ఒకడు నా దగ్గర చెయ్యి చాపిండు. తీసిన తలుపు ఇది. నేనెందుకు పోవాలె?"

విక్టోరియమ్మ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నువ్వు తీసినవు," అంది. "నువ్వే ముయ్యాలె. అది నిన్ను దేంతోని పట్టుకున్నదో అది బయట పెట్టు. దాని చేతుల ఏం లేకుండ చెయ్యి. ఎవరు కట్ చేసిన్రు ఫోన్?"

గోడ గడియారంలో నాలుగూ పది. రశ్మి నన్ను చూస్తోంది. "బావగారూ, మీ కాళ్లు మొక్కుత," అంది. అంతే అంది.

జేబులో చెయ్యి పెట్టాను. ముద్ర పిడి చేతికి తగిలింది. సంఘం పేరు, చుట్టూ గుండ్రంగా అక్షరాలు, అన్నీ తిరగేసి. నేను బతుకంతా తిరగేసిన అక్షరాలే చెక్కాను. నేరుగా రాయడం నాకు రాదు.

"నేనే," అన్నాను.

మైకేల్ తల దించుకున్నాడు.

"నాకు మూడుసార్లు చేసింది. గన్‌ఫౌండ్రీల, షాపుల ఉన్న. పని లేదు. ఫోన్ చేతుల్నే ఉన్నది. మూడుసార్లు కట్ చేసిన. ఇప్పుడు నేనెందుకు మాట్లాడాలె అనుకున్న. నడిస్తె ఇల్లు పావుగంట. తర్వాత ఆమె ఫోన్‌ల ఆ మూడు చెరిపేసిన. మైకేల్‌ది మాత్రం ఉంచిన."

మైకేల్ మోకాళ్ల మీద నుంచి లేవలేదు. నేల చూస్తూ మాట్లాడాడు.

"నాకెర్కే, అన్నా."

"ఏం ఎర్క?"

"వదినె నాకు చేసింది నిజం. ఎత్తిన. నాలుగు నిమిషాలు మాట్లాడింది. కారు తెమ్మనలే. 'ఛాతిల నొస్తున్నది, ఆయన ఫోన్ ఎత్తుతలేడు, నువ్వు పోయి తీస్కరా తమ్మీ, నీతోని రాడు, అయినా అడుగు' అన్నది. నీ షాపు కాడికి ఉరికొచ్చిన. రోడ్డు అవతల నిలబడి చెయ్యి ఊపిన. నువ్వు చూసినవు. చూసి షట్టర్ గుంజినవు. వచ్చి షట్టర్ కొట్టిన. తియ్యలే. అంబులెన్సుకు చేసుకుంట మీ ఇంటికి ఉరికిన. నేను పోయేసరికే..."

చెయ్యి ఊపడం గుర్తుంది. గెలిచినవాడు నా బేరం లేని షాపు ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నాడనుకున్నాను.

"మరి కాల్ చూసుకోలేదని ఎందుకు చెప్పినవు?"

"ఎత్తిన అంటే, ఏం చెప్పిందని అడుగుతరు. నీ పేరు బయటికొస్తది. నన్నే తిట్టుకోనీ అనుకున్న. నువ్వు అసలే ఒక్కడివైతివి."

మూడేళ్లు అతను నా పరువు కాపాడాడు. తాను చెడ్డవాడై కాపాడాడు. ఇది విని నా గుండె కరగాలి. కరగలేదు. ఇంకా గట్టిపడింది. తప్పు చేసినవాణ్ని క్షమించడానికి ఒక దారి ఉంటుంది. తప్పు చేయనివాణ్ని ఎలా క్షమించాలి? నా దగ్గర ఉన్న ఒక్క ఆధారం కూడా తీసుకుపోయాడు.

విక్టోరియమ్మ చాప వైపు తిరిగింది. ఈసారి చెయ్యి కూడా ఎత్తలేదు.

"ఇన్నవా? దాచింది లేదు ఇగ. నీ చేతుల ఏం లేదు. యేసు నామంలో ఆజ్ఞ. వెళ్లిపో."

ఏంజెలీనా నోరు తెరుచుకుంది. చప్పుడు రాలేదు. ఊపిరి పొడుగ్గా, ఎంతో సేపు, బయటికి పోతూనే ఉంది. ఒక చిన్న పిల్ల ఒంట్లో అంత గాలి ఎక్కడిదా అనిపించింది. తర్వాత తల్లి ఒళ్లోకి ఒరిగిపోయింది. రశ్మి కేక పెట్టబోయింది.

"అమ్మీ," అంది పిల్ల. సొంత గొంతు, సన్నగా, గీరుకుపోయి. "దూపైతున్నది."

రశ్మి ఏడ్చేసింది. మైకేల్ కుండ దగ్గరికి పరుగెత్తాడు. గ్లాసు నింపేటప్పుడు సగం నీళ్లు చొక్కా మీదే పోసుకున్నాడు. ఏంజెలీనా గ్లాసు అందుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. గదిలో నన్ను చూసి చున్నీ సర్దుకుంది.

"పెదనాన్నా, నువ్వెప్పుడొచ్చినవు?" అంది.

"గిప్పుడే," అన్నాను.

"సంఘం ముద్ర తెచ్చినవా? నాన్న పొద్దున్నించి ఎదురుచూస్తున్నడు."

పొద్దున్నించి కాదు, మొన్నటి నుంచి. రెండు రోజులు ఆ పిల్లకు లేనే లేవు. ముద్ర తీసి మైకేల్‌కు ఇచ్చాను. అతను రెండు చేతులతో తీసుకున్నాడు. నాలుగున్నర కావస్తోంది. కింద మళ్లీ సుత్తి మొదలైంది. నేను మెట్ల వైపు తిరిగాను.

"ఆగు," అంది విక్టోరియమ్మ.

ఆగాను.

"చేసింది చెప్పినవు. మంచిది. అది సగం పని. మైకేల్‌ను క్షమించినవా?"

గదిలో అందరూ నా వైపే చూశారు. మైకేల్ ముఖంలో ఆశ కనబడింది. ఆ ఆశను చూస్తే నాకు అసహ్యం వేసింది. ఒక్క మాట. అంటే అయిపోతుంది. పిల్ల నీళ్లు తాగుతుంది, నేను ఇంటికి పోతాను, దారిలో చాయ్‌పత్తి కొంటాను.

"ఔ," అన్నాను.

ఏంజెలీనా పెదవి దగ్గర గ్లాసు ఆగిపోయింది.

ఇంకా ఒక్క గుక్క కూడా తాగలేదు. గ్లాసును చుక్క ఒలకకుండా నేల మీద పెట్టింది. చాలా జాగ్రత్తగా, ఉలి కింద పెట్టే పనివాడిలా. తల వంచుకునే ఉంది. నోరు తెరిచింది.

ఈసారి అహల్య గొంతు కాదు. మగ గొంతు. అలసిపోయిన, ముక్కుతో పలికే గొంతు. ఎక్కడో విన్నాననిపించింది కానీ పోల్చుకోలేకపోయాను. రశ్మి పోల్చుకుంది. మైకేల్ పోల్చుకున్నాడు. వాళ్లు మాట్లాడుతున్న పిల్లను చూడలేదు. నన్ను చూశారు. నా పెదవులు కదులుతున్నాయా అని చూశారు.

అది నా గొంతు.

"మైకేల్, నీ బిడ్డ గిట్లనే పోవాలె. నీ కండ్ల ముందర, గొంతుల నీళ్ల సుక్క దిగక పోవాలె. ఆమెన్."

అహల్య సమాధి దగ్గర, మట్టి వేసి అందరూ వెళ్లిపోయాక, నేను ఒక్కణ్నే ఉన్నప్పుడు అన్న మాటలవి. అక్షరం పొల్లు పోలేదు. చివర ఆమెన్ అన్నది కూడా నేనే. ప్రార్థనే చేశాననుకున్నాను. ఎవరు విన్నారో అప్పుడు ఆలోచించలేదు.

మైకేల్ చేతిలో ముద్ర జారి కింద పడింది. అతను మెల్లగా లేచి నిలబడ్డాడు.

విక్టోరియమ్మ మా ఇద్దరి మధ్య నుంచి నడిచి గుమ్మం దాకా వెళ్లింది. నేనెరిగిన ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ ముయ్యని ఆ తలుపులు మూసి, లోపల గడియ పెట్టింది.